ఒకటి నొక్కితే రెండు పడ్డాయి

కాదమ్మా సుప్రజా, ఆ ముక్క అక్కడ పెట్టకు. దానికి ముందు ఇంకోటి జరిగింది. నాకు వరస తప్పుతాది, ముందే సెప్తన్నాను. సోమవారం ముక్క గురువారంలోకీ, గురువారం ముక్క శనివారంలోకీ దూరిపోతన్నాయి ఈమధ్య. నువ్వు టెక్కలి బళ్ళో లెక్కలు సెప్పే పంతులమ్మవి కదా, వరస నువ్వు సూసుకో. సంగతులు మాత్రం నేను సెప్పినవే రాయి.

పైన ఏటి రాసావు? "గౌరవనీయులైన కలెక్టరు గారికి." బావుంది. కింద "మా తల్లి సరోజిని" అని మొదలెట్టు. నువ్వు కూతురివి, సంతకం నీది. నేనెవరిని? తోడికోడలిని. కాయితం మీద నేను మీ అమ్మకి ఏమీ కాను. ఫోను మాత్రం నాది.

నవ్వుతావేటే. ఈ గొడవంతా ఆ ఫోను గురించే కదా.

మీ నాన్న సూర్యారావు మొన్నామధ్య టీకొట్టు దగ్గర ఏటన్నాడో తెలుసా? "మా వదినకి మతి పోతన్నాది, ఒకటి నొక్కమంటే ఏటి నొక్కుతాదో ఆవిడకే తెలీదు" అన్నాడట. పదిమందిలో. వాళ్ళలో నలుగురు ఇంటికొచ్చి నన్ను పరామర్శించారు. ఒకాయన నా పేరు నాకే గట్టిగా సెప్పాడు, గుర్తుంటాదని. నాకు సెవుడొచ్చిందని ఎవరూ అన్లేదు మరి.

నేను బడికెల్లి సదువుకున్నదాన్ని కాను గానీ, సదివినదాన్ని. మీ పెదనాన్న కంచిలి నుంచి కొబ్బరికాయల లారీతో వచ్చినప్పుడల్లా పొట్లం కాయితాలు తెచ్చీవోడు. ఆ కాయితాల మీద సదివి నేర్చుకున్నాను. సగం కథలు మొదలు లేకుండా సదివాను, సగం చివర లేకుండా సదివాను. అందుకే నాకు వరస తప్పుతాదేమో. అది ముసలితనం కాదు, పొట్లం కాయితం.

సరే, రాయి. పలాసలో రైలుగేటు దాటాక ఉప్పుటేరు డయాలసిస్ సెంటరు అని ఉన్నాది. ఉప్పు ముట్టుకోవద్దని సెప్పే సోటుకి ఉప్పు పేరు పెట్టినోడి బుర్ర ఎలాంటిదో నువ్వే ఊహించుకో. అది కాయితంలో రాయకు.

వారానికి రెండు వంతులు మీ అమ్మకి. మంగళవారం, శుక్రవారం. వంతుకి ముందురోజు పొద్దున్న పదిలోపల ఫోను సేసి, వత్తన్నామని సెప్పాలి. సెప్పకపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేత్తారు. మన ఉద్దానంలో ఆ మంచం కోసం కాసుకుని కూకున్నోళ్ళకి తక్కువేటి? పెళ్ళిచూపుల్లో జీడితోట ఎంతుందని అడిగే ముందు కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంతుందని అడిగే రోజులాయె.

మొదట్లో అక్కడ బేబి అని ఒక గుంట కూకునీది. ఫోను ఎత్తి, "సరోజినమ్మగోరా? రేపు వత్తన్నారా?" అనీది. "వత్తన్నాం" అంటే "రండి" అనీది. అయిపోయింది. మధ్యలో మీ అమ్మ కాళ్ళవాపు ఎలగున్నాదో కూడా అడిగీది. ఆ గుంటకి పెళ్ళి కుదిరి నౌపడ ఎల్లిపోయింది. మిషనుకైతే పెళ్ళి కుదరదు కదా, అందుకని మిషను పెట్టారు.

ఇంటర్నెట్టు ఫోనట. పాత తీగ పీకేసి, గోడకి ఒక డబ్బా తగిలించారు. ఇక మనం ఫోను సేత్తే ఒక ఆడగొంతు. "ఉప్పుటేరు డయాలసిస్ సెంటరుకు స్వాగతం. తెలుగు కొరకు ఒకటి నొక్కండి. ఒడియా కొరకు రెండు నొక్కండి. ఇంగ్లీషు కొరకు మూడు నొక్కండి." ఆ గొంతు ఎవరిదో గానీ మన జిల్లాది కాదు. ఒక్క మాట కూడా సాగదియ్యదు.

మీ నాన్న ఆ గొంతు ఇని నమస్కారం పెట్టి, "బావున్నారామ్మా" అన్నాడు. ఆవిడ "మీరు ఏమీ నొక్కలేదు" అన్నాది. ఆయన ఫోను నా సేతిలో పెట్టి టీకొట్టుకి ఎల్లిపోయాడు. అప్పట్నుంచి ఫోను పని నాది. నన్నెవరూ నియమించలేదు, ఆయన పారిపోయాడు.

మీ అమ్మకి సూపు ఆనదు. నువ్వు బళ్ళో ఉంటే నీ ఫోను హెడ్మాస్టరు బీరువాలో ఉంటాది. మరి నేను కాకపోతే ఎవరు సెయ్యాలి?

మరిచిపోతానేమోనని నాకూ భయం ఉన్నాది, లేదనను. మా అమ్మ ఆఖర్న నన్ను మా ఆవు పేరుతో పిలిచీది. నేను పలికీదాన్ని, ఏటి సేత్తాను. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆ కిటికీలో రెండు డబ్బాలున్నాయి సూడు, పాత పాలపొడి డబ్బాలు. నెల మొదట్లో ఎడమ డబ్బాలో జీడిపిక్కలు ఏత్తాను, నెలలో ఎన్ని వంతులుంటే అన్ని. ఫోను సేసాక ఒక పిక్క తీసి కుడి డబ్బాలో పడేత్తాను. టంగుమని మోగుతాది. ఆ మోత ఇంటే మీ అమ్మకి కూడా తెలుస్తాది, రేపు మంచం ఉన్నాదని. నా తల మరిచిపోవచ్చు, పిక్కకి తలే లేదు కదా, అదేటి మరిచిపోతాది?

ఆ, ఇప్పుడు రాయి. మిషను పెట్టిన మొదటి సోమవారం. ఎనిమిదీ పదికి ఫోను సేసాను. టైము ఫోన్లోనే ఉన్నాది, పొద్దున్నే సూసి ఈ అట్టముక్క మీద రాసుకున్నాను. తెలుగు కావాలని ఒకటి నొక్కాను. టక్కున, "ధన్యవాదములు. మీ అభ్యర్థన నమోదు చేయబడినది" అన్నాది. ఫోను ఆగిపోయింది.

నేనేటి అనుకున్నాను? ఎంత బేగి అయిపోయింది, బేబి ఉంటే కాళ్ళవాపు గురించి పావుగంట అడిగీది అనుకున్నాను. పిక్క పడేసాను. టంగుమన్నాది.

మంగళవారం ఆటోలో అంత దూరం ఎల్తే, "సరోజిని గారి వంతు మీరే వదులుకున్నారు కదమ్మా" అన్నారు. వదులుకోడమేటి? వంతు ఎవరైనా వదులుకుంటారా, పేరంటం పసుపుకుంకాలా అది? సాయంత్రం దాకా బెంచీ మీద కూకోబెట్టి, దయతలిచి రెండు గంటలు మిషను పెట్టారు. దారంతా మీ నాన్న నా వేలు వంకే సూసాడు.

గురువారం ఎనిమిదీ అయిదుకి మళ్ళీ సేసాను. ఈసారి మీ నాన్న నా బుజం మీద నుంచి సూత్తన్నాడు. ఒకటి నొక్కాను. గట్టిగా, బొటనవేలితో. మళ్ళీ అదే ధన్యవాదం. ఆయన కూడా సూసి, "ఈసారి సరిగ్గా నొక్కావు వదినా" అని మెచ్చుకున్నాడు. శుక్రవారం ఎల్తే మళ్ళీ అదే బెంచీ.

అప్పుడు మీ నాన్నకి కోపం నా మీద నుంచి ఇంకో పక్కకి మళ్ళింది. ఎందుకో సెప్పనా? ఆ రోజు మంచాలన్నిటి మీదా ఇచ్ఛాపురం పక్కోళ్ళే ఉన్నారు, ఒడియా మాట్టాడీవోళ్ళు. తెలుగోళ్ళందరూ బెంచీల మీద. మీ నాన్న లేచి ఉపన్యాసం ఇచ్చాడు. ఆంధ్రా నీళ్ళు తాగి కిడ్నీలు పాడుసేసుకున్నది మనం, మంచాలు వాళ్ళకా అన్నాడు. ఒక మంచం మీదున్న ముసలాయన తెలుగులోనే, "బావూ, నేను మీ పక్కూరోడినే, మీ తోటకి కంచె కట్టింది నేనే" అన్నాడు. అయినా ఉపన్యాసం ఆగలేదు.

ఇంగ్లీషు నొక్కినోళ్ళ సంగతి ఇంకా ఇసిత్రం. ఒక బ్యాంకాయన రెండు రోజుల్నుంచి డాక్టరుగారి గదిలో ఫోను మోగించేత్తన్నాడట. డాక్టరుగారు ఎత్తరు. ఈయన పెట్టెయ్యడు.

శనివారం ఢిల్లీరావు వచ్చాడు. మన ఊరికి నెట్టు తీగలు లాగినోడే, కాశీబుగ్గ కుర్రాడు. ఆ సెంటర్లో డబ్బా బిగించింది కూడా వాడే. మన టీవీ రాలేదని వచ్చాడు. నేను వాడికి కొబ్బరిబొండం కొట్టిచ్చి, వాకిట్లో కూకోబెట్టి, "బాబూ, నేను ఒకటి నొక్కితే అది ఎక్కడికెల్తాది?" అని అడిగాను.

వాడు నా మొకం సూసి, "ఒకటే కదా మామ్మా, ఎక్కడికెల్తాది, అక్కడికే ఎల్తాది" అన్నాడు. అలగ సెప్తే నేను వదుల్తానా? రెండో బొండం కొట్టించాను. అప్పుడు సెప్పాడు.

ఇను, ఇది ఇనాలి నువ్వు. పాత తీగ ఫోన్లో మన గొంతు గొంతులాగే, తీగంట పారుకుంటా ఎల్లీదట, కాలవలో నీళ్ళలాగ. ఇంటర్నెట్టు ఫోన్లో అలగ కాదు. గొంతుని ముక్కలు సేత్తారు. సెకనుకి యాభై ముక్కలు. ఒక్కో ముక్కనీ నొక్కి నొక్కి సిన్నది సేసి, మూటగట్టి, నంబరేసి పంపుతారు. అవతలోడు నంబర్ల వరసలో పేర్చుకుని ఇంటాడు. మధ్యలో ఒకటో రెండో ముక్కలు పడిపోతే, పక్క ముక్కని సాగదీసి కన్నం పూడ్చేత్తాడు. మనకి తెలీదు. మనిషి మాట ఎంత నలిగినా అర్థమవుతాది కదా, మరి మీ నాన్న మాట అర్థమవట్లేదా?

కానీ అంకె నొక్కిన మోత అలాంటిది కాదట. ప్రతి అంకెకీ రెండు మోతలు కలిపి మోగుతాయట, ఒకటి బొంగురు, ఒకటి సన్నం. సన్నాయిలో రెండు పీకలు ఒకేసారి ఊదినట్టు. ఆ రెండూ సరిగ్గా అందితేనే అవతల మిషను "ఆ, ఒకటి" అని గుర్తుపడతాది. గొంతుని నలిపే సోట ఇవి కూడా నలిగితే అదేటో దానికి తెలీదు. అందుకని ఆ గోడ డబ్బా ఏటి సేత్తాదంటే, మోత రాగానే పట్టుకుని, గొంతులోంచి దాన్ని తుడిచేసి, ఒక చీటీ రాసి పంపుతాది. "ఒకటి నొక్కారు, ఇంతసేపు నొక్కారు." అంతే. మోత ఎల్లదు, మోత గురించిన కబురు ఎల్తాది.

ఆ చీటీ దారిలో పోతాదేమోనని ఆఖరి ముక్క మూడుసార్లు పంపుతాదట. మూడింటి మీదా ఒకే టైము గుద్ది ఉంటాది, కాబట్టి అవతలోడు మూడూ ఒకటేనని లెక్కేత్తాడు. ఎంత ముందుచూపు సూడు. మనింట్లో ఎవరికీ లేదు.

నాకు టక్కున తలకెక్కింది. మీ పెదనాన్న కాయలు పంపీవోడు కదా, లారీలో కాయలు, డ్రైవరు జేబులో చీటీ. కాయలు నలిగినా, నాలుగు దారిలో పోయినా, చీటీ సూసి షావుకారు లోడు ఎంతో తెలుసుకునీవోడు. ఢిల్లీరావుతో అదే అన్నాను. వాడు తాగడం ఆపి, "మామ్మా, నాకు శిక్షణ ఇచ్చినోడు కూడా ఇంత బాగా సెప్పలేదు" అన్నాడు.

మరి తేడా ఎక్కడొచ్చింది? వాడే నా ఫోను పుచ్చుకుని, తన లాప్‌టాప్‌ ఒళ్ళో పెట్టుకుని, సెంటరుకి ఫోను కలిపి ఒకటి నొక్కాడు. తెర మీద సూద్దుమా, రెండు ఒకట్లు. ఒకదాని కింద ఒకటి. వాడి మొకం పాలిపోయింది.

ఏటయిందంటే, ఆ డబ్బా చీటీ రాసి పంపుతాది గానీ గొంతులోంచి మోతని తుడవట్లేదు. తుడవమని ఒకసోట టిక్కు పెట్టాలట, పెట్టలేదు. అవతల మిషను చీటీ సూసి ఒకటి అనుకున్నాది, తరవాత నలగ్గా మిగిలిన మోత ఇని ఇంకో ఒకటి అనుకున్నాది. చీటీకి ఒక లోడు, కాయలకి ఒక లోడు. నేను నొక్కింది ఒకటి, పడింది రెండు.

మొదటి ఒకటి, తెలుగు. రెండో ఒకటి ఏటో తెలుసా? "మీ వంతు వదులుకొనుటకు ఒకటి నొక్కండి." నేను ఆ మాట ఇనే లోపలే నొక్కేసినట్టయింది. "ఖాయం చేసుకొనుటకు రెండు." అందుకే ఒడియా నొక్కినోళ్ళందరికీ, రెండుకి రెండు పడి, మంచాలు ఖాయం. "డాక్టరుతో మాట్లాడుటకు మూడు." ఆ బ్యాంకాయన పాపం.

వదులుకోడం ముందు పెట్టి ఖాయం సేసుకోడం తరవాత పెట్టినోడు ఎవడు బాబూ అని ఢిల్లీరావుని అడిగాను. అది ఆఫీసోళ్ళు రాసిచ్చారు మామ్మా అన్నాడు. ఎవరూ ఎప్పుడూ ఫోను సేసి సూసుకోరు వాళ్ళు. వాళ్ళకి వంతులుండవు.

ఆ రోజు నాకు ఎంత ఊపిరొచ్చిందో నీకు తెలీదు సుప్రజా. నా వేలు తప్పు కాదు. నా తల తప్పు కాదు. ఢిల్లీరావు చేత మీ నాన్నకి కూడా సెప్పించాను, టీకొట్టు దగ్గరే, ఆ పదిమందిలోనే. మీ నాన్న అంతా ఇని, "అయితే ఒడియా నొక్కితే సరిపోతాది కదా" అన్నాడు. ఉపన్యాసం ఇచ్చిన నోటితోనే.

ఢిల్లీరావు, "ఇయాళే సరిసేసేత్తాను మామ్మా, సోమవారం నుంచి ఒకటికి ఒకటే పడతాది" అని బండి ఎక్కి ఎల్లాడు.

ఇక మూడోది.

మూడోది రాసేసావా అప్పుడే? ఏటి రాసావు, సదువు. "సోమవారం మా పెద్దమ్మ ఉమామహేశ్వరి గారు మరల ఫోను చేయగా, సాంకేతిక సిబ్బంది ఢిల్లీరావు నిర్లక్ష్యము వలన లోపము సరిచేయబడనందున..." భాష బావున్నాది. నిర్లక్ష్యము అన్న మాట కలెక్టర్లకి ఇష్టం.

మంగళవారం మంచం లేదన్నారు. బెంచీ కూడా లేదన్నారు. మీ అమ్మని ఇంటికి తెచ్చేసాం. బుధవారం తెల్లారకముందే ఊపిరాడలేదు. పెదాలు నేరేడుపండులా అయిపోయాయి. శ్రీకాకుళం తీసుకెల్లేసరికి కళ్ళు తేలేసింది. డాక్టరు, "ఇంకో గంట అయితే మేం సెయ్యగలిగింది లేదు" అన్నాడు. ఇదంతా నీకు తెలుసు, అక్కడికి నువ్వూ వచ్చావు. రాయి, రాయి. ఆ గంట సంగతి కూడా రాయి.

టైమా? మూడో ఫోను టైమా? ఉండు, సెప్తాను. ముందు రెండిటికీ ఉన్నాది కదా, సాలదా? మూడిటికీ ఉండాలా. మీ లెక్కల పంతుళ్ళు ఇంతే.

ఫోను అటు పెట్టు. నువ్వు సూడక్కర్లేదు. పెట్టమన్నానా.

ముందు నిన్నటి సంగతి ఇను. నిన్న ఢిల్లీరావు గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. బొండం కొట్టిత్తానన్నా వద్దన్నాడు. "మామ్మా, శనివారం సాయంత్రమే సరిసేసాను, పది ఫోన్లు సేసి సూసాను. ఒకటికి ఒకటే పడింది. మీ ఫోను ఎలగ తప్పిందో నాకు తెలీడం లేదు" అన్నాడు. కలెక్టరుకి కాయితం ఎల్తే నన్ను పనిలోంచి తీసేత్తామన్నారు మామ్మా అన్నాడు. గట్టిగా ఏటీ అన్లేదు. కోప్పడితే బావుండును. మీ నాన్న లోపల్నుంచి, "అబద్ధాలాడకు, మా వదిన ఫోను సేసింది, పిక్క కూడా పడింది" అని కేకేసాడు. సూసావా, ముప్ఫయ్యేళ్ళలో మొదటిసారి మీ నాన్న నా పక్క మాట్టాడాడు.

ఢిల్లీరావు నా మొకం సూసాడు. నేను కిటికీలో డబ్బా సూసాను.

పిక్క పడింది. అది నిజం. కావాలంటే లెక్కెట్టు, కుడి డబ్బాలో ఉండాల్సినవన్నీ ఉన్నాయి.

సోమవారం ఎనిమిది గంటలకి ఫోను సేతిలోకి తీసుకున్నాను. ఎడమ డబ్బాలోంచి పిక్క తీసాను. అప్పుడు దేముడమ్మ వచ్చింది సేపల గంపతో. ఆవిడ పెనిమిటికి కూడా అదే సెంటర్లో వంతు, గురువారం. వాళ్ళకీ వంతు పోయింది. "అమ్మగోరూ, మీకు ఆ మిషను కిటుకు తెలిసిందటగా" అని గంప దించి కూకున్నాది.

అడిగిందమ్మా. నన్ను ఒక మనిషి అడిగింది. మతి పోతన్నాదని ఊరంతా అనుకుంటన్న మనిషి దగ్గరకొచ్చి, నువ్వు సెప్పు, నీకు తెలుసు అన్నాది.

సెప్పాను. మొదట్నుంచీ సెప్పాను. గొంతు ముక్కలవడం, మూటలు కట్టడం. దేముడమ్మ, "సేపలు ముక్కలు కోసి అమ్మినట్టా?" అన్నాది. "అంతే, కానీ కొన్నోడు మళ్ళీ అతికించి సేప సేసుకుంటాడు" అన్నాను. ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వితే నాకింకా హుషారొచ్చింది. ఫోను పక్కనెట్టాను. లారీ సెప్పాను, చీటీ సెప్పాను. "ఇదిగో, ఈ పిక్క సూడు, ఇది చీటీ అనుకో" అన్నాను. "నేను ఫోన్లో నొక్కగానే, మోత ఎల్లకపోయినా, ఈ చీటీ అవతలికి ఎల్లి ఇలగ పడతాది" అని, కుడి డబ్బాలో పడేసాను.

టంగుమన్నాది.

దేముడమ్మ, "అమ్మగోరు మాస్టరమ్మ అవ్వాల్సింది" అని, రెండు కవ్వళ్ళ సేపలు ఎక్కువేసి ఎల్లిపోయింది. నేను సేపలు శుభ్రం సేసుకోడానికి లేచాను.

అంతేనమ్మా.

ఫోన్లో సోమవారం ఏమీ లేదు. ఇప్పుడు సూడు, కావాలంటే. ఆదివారం ఒకటున్నాది, నీకే సేసింది. తరవాత బుధవారం తెల్లారగట్ల అంబులెన్సుకి సేసింది. మధ్యలో ఏమీ లేదు. పొద్దున్న నీకోసం టైములు రాద్దామని సూత్తే తెలిసింది. ముందు ఫోనే మరిచిపోయిందేమో అనుకున్నాను. ఎంతసేపు అలగ అనుకున్నానో సెప్పను, సిగ్గు.

ఫోను ఎలగ ఎల్తాదో సెప్తా సెప్తా ఫోను సెయ్యలేదు. చీటీ ఎల్లింది, కాయలు ఎల్లలేదు.

ఏడవకు. నువ్వు ఏడిత్తే నేను ఇది పూర్తిసెయ్యలేను.

ఇంకోటున్నాది, అది కూడా ఇను. నేను సేపలు తీసుకుని పెరట్లోకి ఎల్తంటే, మీ అమ్మ మంచం మీద నుంచి, "అప్పా, ఫోను సేసావా?" అనడిగింది. నేను, "పిక్క మోత ఇనపడలేదేటి?" అన్నాను. విసురుగా అన్నాను. నన్నేనా అడిగేది అన్నట్టు.

మీ అమ్మ మరి అడగలేదు. మంగళవారం మంచం లేదన్నప్పుడు అడగలేదు. శ్రీకాకుళంలో ముక్కులో గొట్టం తీసాక కూడా అడగలేదు. నీకేటైనా సెప్పిందా? సెప్పదు. పదిమందిలో మిషను తప్పని తేలాక నా మొకం ఎలగున్నాదో ఆవిడ సూపు ఆనకపోయినా సూసింది.

మొదటి రెండూ ఉంచు. ఆ రెండూ వాళ్ళవే. వదులుకోడం ముందెందుకు పెట్టారో అది కూడా అడుగు, గట్టిగా అడుగు. టిక్కు పెట్టకపోడం ఢిల్లీరావుదే, కానీ సెప్పిన రోజే సరిసేసాడని కూడా రాయి. మూడోది కొట్టెయ్యి. నిర్లక్ష్యము అన్న మాట మాత్రం ఉంచు, దాని ముందున్న పేరు తీసెయ్యి. ఆ సోట నా పేరు పెట్టు.

ఎందుకు పెట్టకూడదు? కాయితం మీద నేను మీ అమ్మకి ఏమీ కానని ఇందాక నేనే అన్నాను. ఇప్పుడు అవుతాను.

ఈరోజు నుంచి ఫోను నువ్వు పట్టుకెల్లు. హెడ్మాస్టరుకి సెప్పి సోమ, గురువారాలు బీరువాలో పెట్టకుండా ఉంచుకో. మీ నాన్నకి ఇత్తే ఒడియా నొక్కుతాడు. డబ్బాలు ఉండనీ. పిక్కలు కాల్చుకుని తిందాం.

అయిపోయిందా? అయితే పైనుంచి పేర్లన్నీ ఒకసారి సరిసూడు, నాకు ఈమధ్య పేర్లు కూడా కలిసిపోతన్నాయి. ఒక్కొక్కటీ పైకి సదువు. నా పేరు దగ్గర కొంచెం ఆగి, గట్టిగా సదువు. తలుపు తీసే ఉన్నాది, మీ అమ్మకి ఇనపడాలి.